ట్రాక్ మూడు, పాడినోళ్ళు తెల్వదు

జూన్ 9, సోమవారం

కొత్త సంవత్సరానికి ఎవరో ఇచ్చిన డైరీ ఇది. ఐదు నెలలు బియ్యం డబ్బా మీద మూత లెక్క పడున్నది. ఇయ్యాల తీసిన.

నిజామాబాద్ల డాక్టరు రిపోర్టు సూసి కండ్లద్దాలు తీసిండు. అద్దాలు తీస్తేనే నాకు సమజైంది. మెడల గడ్డ మంచిది కాదట. మొత్తం తీసెయ్యాలె, ఇరవై ఆరో తారీఖు వచ్చి చేరు, జరపకు అన్నడు. "గొంతు నరం గడ్డకు అతుక్కొని ఉన్నదమ్మా. మాట మారొచ్చు, మారకపోవచ్చు. ముందుగాల చెప్పలేను." నేను బస్సు కండక్టర్‌ను సార్ అన్న. ఆయన తలూపి కాయితం మీద తారీఖు రాసిండు.

కామారెడ్డి వచ్చినంక ఇంట్ల మా ఆయన అరుణ్ అడిగిండు, ఏమన్నడు డాక్టరు అని. "తొందరేం లేదన్నడు. వానలు పోయినంక సూద్దామన్నడు" అని చెప్పిన. నోట్లెకెల్లి గట్లెట్ల వచ్చిందో నాకే తెల్వదు. ఆయన నిమ్మళంగ సైకిల్ మోటరెక్కి భిక్నూర్ దాబాకు పోయిండు. వంట మాస్టర్ లేకపోతే ఆడ పొయ్యి అంటుకోదు.

ఇగ గమ్మత్తేందంటే, వచ్చేటప్పుడు బస్సుల డాక్టరు మాటలు యాదికి రాలే, ఒక పాట యాదికొచ్చింది. పంతొమ్మిదేండ్ల కింద ఎల్లారెడ్డి చర్చి ఎనుక అర్రల మా జాన్ అన్న, ఆయన దోస్తు భీమేషన్న, నేను, ముగ్గురం కలిసి టేపుల నింపిన పాట. అది నెట్టుల పెట్టినం గద. ఇప్పుడు ఏడున్నదో? ఏడన్న ఉన్నదా అసలు?

జూన్ 11, బుధవారం

కామారెడ్డి, ఎల్లారెడ్డి. ఎల్లారెడ్డి, కామారెడ్డి. నాలుగు ట్రిప్పులు. లింగంపేటల కాలు పెట్ట జాగ లేదు. "ముందుకు జరుగుర్రి, ఆధార్ కార్డులు చేతుల పట్టుకోర్రి" అని పొద్దంత ఒర్లిన. గొంతుకు ఏం కాలే. మింగితే నొప్పి గూడ లేదు. డాక్టర్లు జర ఎక్కువనే చెప్తరు.

జూన్ 14, శనివారం

రెండు ట్రిప్పుల నడుమ నలభై నిమిషాలు దొరికితే నిజాంసాగర్ చౌరస్త కాడ భీమేషన్న షాపుకు పోయిన. ఇప్పుడు ఆయన సీసీ కెమెరాలు బిగిస్తడు. తల నెరిసింది, నోరు నెరవలే.

"ఏం చెల్లె, షాపుల గూడ టికెట్లు కొడుతవా?"

"నీ షాపు ఎవ్వలెక్కుతలేరంట గదా అన్న. సూసి పోదామని వచ్చిన."

పాట సంగతి అడిగిన. ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టిండు. ఇప్పటిదాక ఎవ్వలన్న అడుగుతరేమో అని ఆగినట్టే కూసున్నడు పాపం.

ఆ షాపు మీది అంతస్తులనే అప్పట్ల ఆయన నెట్ కేఫ్ ఉండె. ఎనిమిది ప్లైవుడ్ గదులు, ఒక్కోదానికి పరద. పోరగాండ్లు రిజల్ట్ సూడనీకె, దోస్తులకు స్క్రాపులని మెసేజులు రాయనీకె వస్తుండ్రి. భీమేషన్న మాత్రం ఒక్కటే పని, పాటలు దించుడు. సినిమావి కావు. ఎక్కడెక్కడనో మాలాంటి పోరగాండ్లే వాళ్ళ ఇంట్ల మంచం మీద కూసొని గిటారు కొట్టి, నసగినట్టు పాడి, ఏ కంపెనీకి పోకుండ సొంతంగ నెట్టుల పెట్టిన పాటలు. ఎనుక కుక్క మొరుగుడు, తలుపు కొట్టుకునుడు అన్ని ఇనొస్తుండె. ఎవడో ఒగడు తన బ్లాగుల "ఇది ఇన్నరా?" అని రాస్తే, వాన్ని సూసి ఇంకొగడు రాస్తుండె. గట్ల ఆ పాటలు కామారెడ్డి దాక నడిసొచ్చినయి. భీమేషన్న అవి ఇని, "వాళ్ళు ఆడ ఇంట్ల కూసొని పాడంగ, మనం ఈడ పాడొద్దా? మనకేం నోరు లేదా?" అని మా అన్నను గుంజుకొని ఎల్లారెడ్డి వచ్చిండు. గిటారు చర్చిది. ఐదు తీగలే ఉండె. దానికోసం భీమేషన్న ఆరు నెలలు ఆదివారం ఆరాధనకు గూడ వచ్చి మోకాళ్ళేసిండు. పాస్టరుగారు ఒక ఆత్మ దొరికిందని సంబురపడ్డడు.

అప్పటి నెట్టు నత్త. ఒక్క పాట దిగనీకె మధ్యాహ్నం మొత్తం పడుతుండె. ముప్పావు వంతు దిగంగనే లైను కట్. భీమేషన్న దగ్గరున్న పాటలన్ని నడిమిట్ల తెగినయే. ఆ తీరు పాటలు గట్లనే ఖతమైతయని మేం ముగ్గురం అనుకున్నం! అందుకే మా పాట గూడ లైను నడుమ ఆపినం. వారం రోజులు ప్రాక్టీసు చేసినం, ముగ్గురం ఒక్కసారే టక్కున ఆగుడు. ఇయ్యాల అది చెప్పుకొని ఇద్దరం కండ్లెంబడి నీళ్ళొచ్చేదాక నవ్వినం.

"మరి పాట ఏది అన్న?"

"ఆ సైటు ఎప్పుడో మూసిండ్రు. కంప్యూటర్లు పాత సామాన్లోనికి పోయినయి. ఎతుకుదామంటే పేరు లేదు చెల్లె. యాదున్నదా, బ్యాండు పేరు కాడ మీ అన్న, నేను కొట్లాడుకొని ఆ గడి ఖాళీగ ఇడిసినం. కంప్యూటరే దానికి పేరు పెట్టింది. అన్‌నౌన్ ఆర్టిస్ట్, ట్రాక్ మూడు. గా పేరుతోని ఎతికితే లోకంల ఉన్న పాటలన్ని వస్తయి."

"ఎతుకు" అన్న.

"ఏందంత తొందర?"

తొందరేం లేదు, ఊకెనే అన్న.

జూన్ 15, ఆదివారం

చర్చిల పాటల గుంపు ముందట నిలబడ్డది. నేను ఎప్పటి లెక్కనే ఎనుక వరుస. పదిహేనేండ్లప్పుడు పాస్టరమ్మ భుజం మీద చెయ్యేసి చెప్పింది, "రూతూ, నీది మగ గొంతు బిడ్డ, పిల్లలల్ల కలుస్తలేదు, జర ఎనుక నిలబడు" అని. ప్రేమగనే చెప్పింది. ఇప్పటిదాక ఎనుకనే ఉన్న.

ఆ పాటల మాత్రం నా గొంతు అట్ల లేదు. ఎంత సన్నగ, ఎంత సక్కగ వచ్చిందో నాకు మంచిగ యాదున్నది. ఒక్కసారి ఇనాలె. గంతే. ఆపరేషన్‌కు దీనికి ఏం సంబంధం లేదు.

జూన్ 18, బుధవారం

అరుణ్ మెడ దిక్కు సూస్తుండు. స్కార్ఫ్ కట్టుకున్న. ఏందన్నడు. చలి అన్న. జూన్ల చలేంది అన్నడు. ఏసీ బస్సు అన్న. నాది పల్లెవెలుగని ఆయనకు తెల్సు.

జూన్ 20, శుక్రవారం

దొరికింది!

పొద్దుగాల తాడ్వాయి దాటంగనే భీమేషన్న ఫోను. మాట తడబడుతుంది ఆయనకు. ఎవ్వలియో తెల్వని పాటలు జమచేసే పిచ్చోళ్ళు నెట్టుల ఒక గుంపున్నరట. వాళ్ళ దగ్గర మూడేండ్ల సంది మా పాట ఉన్నదట. వాళ్ళు రాసుకున్నయన్ని ఫోన్ల తెలుగు చేసి పంపిండు. డ్రైవరన్నను లింగంపేటల ఐదు నిమిషాలు ఎక్కువ ఆపమని బతిలాడి, చాయ్ పక్కకు పెట్టి చదివిన.

ఒకడు రాసిండు, ఇది ఏ దేశపు భాషనో చెప్పుర్రి అని. ఒకామె, కింద గుయ్యిమని మోగుతున్నది ఏ మిషనో, అది దొరికితే కొనుక్కుంట అన్నది. దానికింద పేజీలకు పేజీలు లొల్లి. ఫలానా కంపెనీ మిషనని ఒకడు, కాదు చేత్తోని చేసుకున్నదని ఒకడు. అయ్యో బిడ్డలారా, అది ముత్తయ్య గిర్ని! చర్చి గోడ అవతల డీజిల్ ఇంజన్ మీద నడిసే పిండి గిర్ని. డ్రమ్ములు లేక జాన్ అన్న ఆ ఇంజన్ దెబ్బకే రేకు డబ్బా కొట్టిండు. ఇంకొంతమంది పాట మిగిలిన సగం కోసం ఎతుకుతున్నరు. దొరికినోళ్ళు చెప్పాలెనట. ఎక్కడ దొరుకుతది, పాడితే గద!

అందరు ఒప్పుకున్నది ఒక్కటే. పాడింది పదేండ్ల పిల్ల అయ్యుంటది అని.

ఇయర్‌ఫోన్ పెట్టుకొని ఇన్న. సన్నటి గొంతు. నిజంగనే సన్నగున్నది. సంబురమైంది. రెండోసారి ఇన్న. మూడోసారి ఇంటుంటే మాత్రం ఏందో తేడ కొట్టింది. ఎవరిదో ఫొటో సూసి నేనే అనుకున్నట్టు.

మధ్యాహ్నం అరుణ్ అన్నం తింటుంటే ఇనిపిచ్చిన. చెప్పకుండనే.

"మంచిగున్నది. ఎవరీ పిల్ల?" అన్నడు.

నేనే అని చెప్పిన. "నువ్వా?" అని మల్ల ఇన్నడు. "ఏమో" అన్నడు. పెరుగు ఎయ్యకుండనే లేసిన.

జూన్ 22, ఆదివారం

మస్కట్ కెల్లి జాన్ అన్న మాట్లాడిండు. పాట పంపిన కదా, ఇని మస్తు నవ్విండు. నవ్వి నవ్వి, "సెల్లులు రూతూ, సెల్లులు" అన్నడు.

"ఏ సెల్లులు?"

"ఆ దినం కరెంటు లేకుండె. టేప్‌రికార్డర్ల సెల్లులు సచ్చినయి. నువ్వే గద వాటిని తీసి ఎండల పెట్టినవ్, రేకుల మీద. గంట ఎండబెట్టి మల్ల ఏసినం. గంతల పాట నింపి అయిపోగొట్టినం."

యాదికొచ్చింది. ఎవ్వలింట్ల పెట్టలే అప్పుడు? టార్చిలైటు మసకైతే సెల్లులు ఎండకు, రేడియో మూలిగితే సెల్లులు ఎండకు. జర పానం వస్తుండె వాటికి. జర్రంతనే.

అన్న చెప్పంగ సమజైంది. పానం లేని సెల్లులతోని టేపు మెల్లగ తిరిగింది. మెల్లగ తిరుగుతుంటే పాడినం. దాన్ని కామారెడ్డి తీస్కపోయి మంచి కరెంటు మీద ఎక్కిస్తే ఉరికింది. ఉరికితే గొంతు సన్నగైంది. ఆ దినం కేఫుల ఇని, ఇదేంది గొంతు మారిందని నేనే అడిగిన. కంప్యూటర్ల పడితే ఏ గొంతైనా సాఫైతది చెల్లె అని భీమేషన్న అన్నడు. నమ్మిన. నమ్మబుద్ధైంది. పంతొమ్మిదేండ్లు నమ్మిన.

అన్నకు గడ్డ సంగతి చెప్పలే.

జూన్ 24, మంగళవారం

డ్యూటీ దిగి భీమేషన్న షాపుకు పోయిన. సెల్లుల సంగతి చెప్పిన. ఆయన తల పట్టుకున్నడు. తర్వాత కంప్యూటర్ ముందట కూసొని, "మెల్లగ చేస్తే అసలుది బయటపడతది. గని ఎంత మెల్లగ చెయ్యాల్నో ఎట్ల తెలుస్తది?" అన్నడు.

"గిర్ని" అన్న.

ఇద్దరికి తెల్సు ముత్తయ్య గిర్ని ఎట్ల కొట్టుకుంటదో. ఆయన జర జర తగ్గిచ్చుకుంట పోయిండు. నేను కండ్లు మూసుకొని ఇన్న. ఇంక జర. ఇంక జర. ఆఁ, కాదు, ఎక్కువైంది, ఎనుకకు రా. ఇప్పుడు జొన్నలు పోసినట్టున్నది, ఆడ ఆపు.

ఆపిండు. మొదటికెల్లి పెట్టిండు.

దొడ్డు గొంతు. ఇరవై ఏండ్ల పిల్ల. ఎక్కడ తడబడకుండ, ఎవ్వలకు భయపడకుండ, గోడకు ఒరిగి నిలబడి పాడుతున్నట్టున్నది. మగ గొంతు కాదు. పాస్టరమ్మ చెవులకు ఏమైంది? నా చెవులకు ఏమైంది? భీమేషన్న కుర్చీల ఎనుకకు ఒరిగిండు. "ఇంత మంచి గొంతును పిల్లగొంతు చేసి పెట్టినం గద చెల్లె" అన్నడు.

నాకు కోపమొచ్చింది ముందు. ఎవ్వల మీదనో తెల్వదు. ఎందుకంటే ఆ గొంతు నాకు కొత్తది కాదు. అదే గొంతుతోని పొద్దుగాల "లింగంపేట దిగేటోళ్ళు రావాలె" అని ఒర్లిన. ఏం మారలే. పోయిందనుకొని ఎతుకుతున్న, అది నా దగ్గర్నే ఉన్నది. ఎల్లుండి దాని పక్క పొంటి కత్తి పెడతరు.

నాకు భయమైతుంది. రాసిన ఇగ. మస్తు భయమైతుంది.

జూన్ 26, గురువారం

డ్యూటీకి పోయిన.

జూన్ 27, శుక్రవారం

ఆస్పత్రోళ్ళు అరుణ్‌కు ఫోన్ చేసిండ్రు. కార్డు మీద ఆయన నంబరే ఇచ్చిన, మర్సిపోయిన. నిన్న పేషెంటు రాలేదేంది, ఇది జరిపే ఆపరేషన్ కాదు అన్నరట. ఏ పేషెంటు అని అడిగిండట ఈయన.

నేను రెండింటికి ఇంటికొచ్చే సరికి గడపల కూసున్నడు. దాబా కెల్లి అట్లనే వచ్చిండు, నడుముకు తువ్వాల గూడ ఇప్పలే.

"వానలు పోయినంక అంటివి?"

నేను చెప్పులు ఇడుస్తున్న.

"రూతూ, నిన్నే. నాతోని అబద్ధమెందుకు ఆడినవ్?"

"గొంతు పోతదన్నడు."

"పోతదన్నడా, మారొచ్చన్నడా?"

"రెండొక్కటే. గొంతు పోతే నేనేం కండక్టర్‌ను? సైగలతోని టికెట్లు కొట్టాల్నా? నిన్నెట్ల పిలవాలె? సప్పట్లు కొట్టాల్నా?" అని ఒర్లిన. పక్కింటి భూదవ్వ గోడ మీదికెల్లి సూసింది. సూడనియ్.

ఆయన ఒర్లలే. ఎప్పుడు ఒర్లడు, గదే నాకు మంట. నిమ్మళంగనే అన్నడు, "మొన్న పాట ఇనిపిచ్చినవ్. ఎవరీ పిల్ల అంటే మొఖం మాడ్చుకున్నవ్. నేనేం చెయ్యాలె? నేను ఆ పిల్లను చేసుకోలే. పెండ్లైన కొత్తల నీకు ఫోన్ చేసి, నువ్వు హలో అంటే మీ అన్న అనుకొని 'బావా, బాగున్నవా' అంటుంటి. యాదున్నదా? నీ గొంతుకు అలవాటు పడనీకె నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు ఇంకో గొంతొస్తే ఇంకో ఏడాది పడతది. నేర్చుకుంట. గని నేర్చుకోవాలంటే నువ్వు ఉండాలె గద."

నవ్వొచ్చింది. నవ్వుకుంటనే గడపల ఆయన పక్కన కూసొని ఏడ్చిన. ఆయన తువ్వాలకు జీలకర్ర వాసన. ఆపరేషన్ మూడో తారీఖుకు పెట్టించుకున్నం.

జూన్ 29, ఆదివారం

భీమేషన్నకు చెప్పిన. ఆయన ఉరికొచ్చిండు, మైకు పట్టుకొని. "ఇయ్యాల, రేపు, ఎన్ని పాటలైతే గన్ని నింపుదాం చెల్లె. గొంతు దాసిపెడదాం."

మంచి మనసుతోనే అన్నడు. మైకు ముందట కూసున్న గూడ. నోరు రాలే. కాదు, వచ్చింది, పాడబుద్ధి కాలే.

"వద్దన్నా. ఒకటి పంతొమ్మిదేండ్లు దాసుకున్న, ఏం లాభమైంది? ఇప్పుడు ఇంకోటి దాస్తే రేపటి సంది దాన్నే ఎతుక్కుంట కూసుంట."

ఆయన మైకు వైరు చుట్టిండు. మెల్లగ చేసిన అసలు పాటను మాత్రం ఆ పిచ్చోళ్ళ గుంపుకు పంపమన్న. గిర్ని సంగతి రాయమన్న, సెల్లులు ఎండబెట్టిన సంగతి రాయమన్న. పాడింది రూత్, గిటారు భీమేష్, రేకు డబ్బా జాన్, ఎల్లారెడ్డి అని రాయమన్న. మిగిలిన సగం లేదు, ఎతకకుర్రి అని గూడ రాయమన్న.

జూలై 1, మంగళవారం

జవాబులొచ్చినయట. గిర్నికి అందరు ఫిదా. ఆ మిషను కొంటనన్నామె జొన్నపిండితోని ఏం చేస్తరని అడిగిందట. గొంతు సంగతికి రెండు పార్టీలైనయి. పాతదే మంచిగుండె, ఎందుకు చెడగొట్టిండ్రు అని సగం మంది. పోనియ్.

ఆఖరి ట్రిప్పు కొట్టిన. ఎల్లారెడ్డి బస్టాండుల అందరు దిగినంక ఖాళీ బస్సుల నిలబడి ఒక్కసారి గట్టిగ పాడిన. డ్రైవరన్న అద్దంలకెల్లి సూసి, "ఇన్నేండ్ల సంది నా ఎనుక ఉన్నవ్, ఇదెప్పుడు చెప్పలేదేందమ్మా" అన్నడు.

జూలై 2, బుధవారం

చేరిన. అరుణ్ పక్కన్నే ఉన్నడు. భయమున్నది. గని దాసిపెట్టుకోలే, చెప్పిన ఆయనకు.

జూలై 5, శనివారం

గడ్డ మొత్తం వచ్చింది అన్నరు. నరాన్ని తెంపలే, దానికి అతుక్కున్న గడ్డను గీకి తీసిండ్రట. మాట్లాడొద్దు. దగ్గొద్దు. చెయ్యి మంచిగనే ఉన్నది, రాసుకోమన్నరు. రాయనీకె ఏం తోస్తలేదు.

జూలై 7, సోమవారం

పలక మీద రాసి చాయ్ అడిగిన. అరుణ్ దానికింద "చక్కెర?" అని రాసిండు. నీకేమైంది, నీకు నోరున్నది గదా అని సైగ చేసిన.

జూలై 10, గురువారం

డాక్టరు ఇయ్యాల మాట్లాడమన్నడు. "ఏదీ, పేరు చెప్పమ్మా."

మొదలు ఏమనాలె అని వారం రోజులు ఆలోచించిన. దేవునికి స్తోత్రం అందామనుకున్న. అరుణ్ పేరు అందామనుకున్న. తీరా నోరు తెరిస్తే అడిగిందే చెప్పిన. "రూత్."

నాది కాదు. సన్నగ లేదు, దొడ్డుగ లేదు. సగం గాలి, సగం గరుకు, చివరికి చీలి రెండైంది. నర్సు కిటికీ దిక్కు సూసింది. మూడు నెలలు ఆగాలె, అప్పుడు గని ఏది నిలుస్తదో తెల్వదు అన్నడు డాక్టరు.

ఏడుపొస్తదనుకున్న. కొంచెం వచ్చింది గూడ. దాని ఎన్కనే ఇంకోటొచ్చింది. ఎవరీమె? గట్టిగ పిలిస్తే ఎట్లుంటది? కోపమొస్తే? పాట ఎత్తుకుంటే ఏడిదాక పోతది? ఇవన్ని నాకు తెల్వదు. తెల్సుకోబుద్ధైంది.

డాక్టరు పోయినంక అరుణ్ కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నడు. చెవి నా దిక్కు పెట్టి కండ్లు మూసుకున్నడు.

"మల్ల చెప్పు" అన్నడు.

చెప్పిన.